మా వంటింట్లో యెనూఫ

ఇంగ్లండ్ రాకముందు మేం ఏడేళ్లు బ్ర్నోలో ఉన్నామని ఇదివరకు రాశాను. చెక్ దేశంలో ప్రాగ్ తర్వాత పెద్ద ఊరు అదే. పేరు మాత్రం మా అత్తగారికి ఇప్పటికీ నోరు తిరగదు, "బర్నో" అంటారు. మా ఆయన ఉద్యోగం కోసం వెళ్లాం. ఆయన ఆఫీసులో అంతా ఇంగ్లీషే కాబట్టి ఏడేళ్లున్నా ఆయనకి "దోబ్రీ దెన్" దాటి రాలేదు. నాకు వచ్చింది. రాక చస్తుందా! పిల్లని స్కూల్లో దింపాలి, జ్వరం వస్తే డాక్టరుకి చెప్పాలి, కూరగాయల బజారులో కొత్తిమీర అడగాలి. అక్కడ పెళ్లయిన ఆడవాళ్లని గౌరవంగా "పన్యీ" అంటారు. "సరైన పేరే పెట్టారు, పొద్దున్నించి రాత్రి దాకా పనేగా" అని మా ఆయన నవ్వేవారు.

ఇంగ్లండ్ వచ్చాక ఆ భాషతో ఎవరికీ అవసరం పడలేదు. ఉద్యోగాల ఫారాల్లో "తెలిసిన భాషలు" అన్న చోట రాస్తే చదివినవాళ్లు నవ్వి ఊరుకునేవారు. అటక మీద పెట్టిన పెద్ద గంగాళంలా అది అలా ఉండిపోయింది.

పోయిన శీతాకాలంలో పక్కింటావిడ వచ్చి తలుపు తట్టింది. ఆవిడ స్కూల్లో సంగీతం టీచరు. సాయంత్రాలు ఒక చిన్న ఒపెరా బృందంలో పాడుతుంది. పాతిక మంది ఉంటారేమో, ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, వారానికి రెండు రోజులు చర్చి హాల్లో కలుస్తారు. ఈసారి యానాచెక్ రాసిన "యెనూఫ" వేస్తున్నారట, పియానో ఒక్కటే పెట్టుకుని. చెక్ భాషలోనే పాడాలని వాళ్ల సంగీత దర్శకుడు పట్టుబట్టాడట. "మీరు అక్కడ ఉండి వచ్చారు కదా, కాస్త పలకడం నేర్పగలరా?" అని అడిగింది. నాకు ఒపెరా గురించి ఏం తెలుసు? బ్ర్నోలో యానాచెక్ పేరు మీద పెద్ద థియేటరుంది. దాని ముందు నుంచి రోజూ ట్రాములో వెళ్లేదాన్ని, లోపలికి వెళ్లింది మాత్రం రెండుసార్లే. సంగీతం నాకు రాదు, మాట మాత్రం చెప్పగలను అన్నాను. ఆవిడకి కావలసింది అదేనట.

కథ చెప్పాలి మీకు, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. యెనూఫ ఒక పల్లెటూరి పిల్ల. పిండిమర యజమాని ష్తెవని ప్రేమించి, పెళ్లికాకుండానే కడుపుతో ఉంటుంది. వాడు తాగుబోతు. వాడి సవతి అన్న లౘకి ఈ పిల్లంటే ఇష్టం. ఆ కసిలో ఆమె చెంప కత్తితో కోస్తాడు. యెనూఫని పెంచింది సవతి తల్లి. ఊళ్లో చర్చి పనులు చూసే మనిషి, అందరికీ ఆవిడంటే భయం, భక్తి. అందుకే ఆవిణ్ని పేరు పెట్టి కాకుండా "కొస్తెల్న్యిచ్క" అనే పిలుస్తారు. యెనూఫని ఎవరికీ కనపడకుండా ఇంట్లో దాచి పురుడు పోస్తుంది. ష్తెవ కాళ్లు పట్టుకుని బతిమాలుతుంది, వాడు పెళ్లాడనంటాడు. లౘ చేసుకుంటాడు గానీ, బిడ్డ సంగతి వినగానే మొహం మాడ్చుకుంటాడు. ఆ క్షణంలో ఆవిడ నోటి వెంట అబద్ధం వచ్చేస్తుంది, బిడ్డ చచ్చిపోయిందని. అబద్ధాన్ని నిజం చేయడానికి ఆ చలిరాత్రి ఎనిమిది రోజుల పసిగుడ్డుని తీసుకెళ్లి ఏటి మంచు కింద వదిలేస్తుంది. చలికాలం పోయి మంచు కరుగుతుంది. సరిగ్గా పెళ్లి రోజున శవం దొరుకుతుంది.

ఈ కథ రాసింది ఒక ఆడమనిషి. గాబ్రియేలా ప్రెయిస్సొవా. 1890లో ప్రాగ్‌లో నాటకంగా వేశారు. మొరావియా పల్లెల్లో నిజంగా జరిగిన సంగతులే తీసుకుని రాసిందని చెబుతారు. అప్పటి పెద్దమనుషులకి నచ్చలేదు. చెక్ భాషలో దాని పేరు "ఆవిడ సవతి కూతురు" అని. అంటే పేరులోనే తల్లి ఉంది. విదేశాలకి వెళ్లేసరికి తల్లి పోయి కూతురి పేరు ఒక్కటే మిగిలింది. నాకైతే పాత పేరే బాగుంది.

మా పక్కింటావిడది ఆ సవతి తల్లి పాత్ర.

ఇక పలకడం. ఇంగ్లీషువాళ్లకి చెక్ ఎందుకంత కష్టమో మొదటి రోజే తెలిసిపోయింది. వాళ్ల భాషలో ఒక అక్షరాన్ని నొక్కితే అది దానంతటదే సాగుతుంది. సాగినదాన్ని నొక్కకుండా పలకలేరు. చెక్‌లో ఆ రెండిటికీ సంబంధం లేదు. నొక్కేది ఎప్పుడూ మాటలో మొదటి అక్షరాన్నే, దీర్ఘం ఎక్కడైనా ఉండొచ్చు. "యెనూఫ"లో నొక్కు "యె" మీద, దీర్ఘం "నూ" మీద. ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా "య-నూ-ఫా" అనే అనేది, "నూ" మీద కూర్చుని. యానాచెక్ పేరూ అంతే. దీర్ఘం తప్పితే అర్థమే మారిపోతుంది. "బిత్" అంటే ఫ్లాటు, "బీత్" అంటే ఉండటం. "దల్" అంటే ఇచ్చాడు, "దాల్" అంటే ఇంకాస్త ముందుకి. పలుకి, పాలుకి తేడా తెలిసిన మనకి ఇదో లెక్కా! నేను తెలుగు మాటలు చెప్పి అర్థం చేయించేదాన్ని. పాపం ఆవిడ చెక్ నేర్చుకోవడానికి ముందు తెలుగు నేర్చుకోవలసి వచ్చింది.

తర్వాత ప, త, క. ఇంగ్లీషువాళ్లు మాట మొదట్లో ప అంటే సగం ఫ అవుతుంది, గాలి బుస్సుమని వస్తుంది. త వాళ్లకి లేదు, మన ట కి దగ్గరగా ఉంటుంది. చెక్‌లో మాత్రం ఇవి మనలాగే, గాలి లేకుండా, త పళ్లకి తగిలి. టిష్యూ కాగితం మూతి ముందు వేలాడదీసి, అది కదలకుండా ప అనమన్నాను. మొదట్లో కాగితం జెండాలా ఎగిరింది. ఒక వారానికి నిలబడింది. ఓ, ఏ లు కూడా అంతే, వాళ్లు "ఓ" అంటే చివర "ఉ" వచ్చి చేరుతుంది. మూతి కదపకుండా ఓ అనండి, కదిలిస్తే ఒప్పుకోను అనేదాన్ని. "లౘ" పేరులో ఉన్న శబ్దం మనకి చాలు, చలి, చుట్టం అన్నప్పుడు వచ్చే చ. మా గుంటూరు వైపు బామ్మలు పలికినంత శుద్ధంగా చెక్ వాళ్లు పలుకుతారు. చెట్టు, చీరలో ఉన్న చ కి వాళ్లకి వేరే అక్షరం. నాకు బ్ర్నోలో ఇది తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో! మనం రాయడం మానేసిన తేడాని వాళ్లు ఇంకా రెండు అక్షరాలుగా రాసుకుంటున్నారు.

మొదటి అక్షరంలో అచ్చే లేని మాటలు కూడా ఉన్నాయి. గుండెకాయని "స్ర్ద్ౘె" అంటారు. అందులో మొదటి అచ్చు పని ర చేస్తుంది, స్వరకర్త ఆ ర కే ఒక స్వరం ఇస్తాడు. పాడేవాళ్లు భయపడి మధ్యలో ఒక అ పెట్టి "సర్ద్ౘె" అంటారు. మన అక్షరమాలలో ఋ, ఌ అని అచ్చుల మధ్య ఎందుకు కూర్చున్నాయో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఇలా పలకడానికే కూర్చున్నాయి. మనం వాటిని రు, లు చేసేసుకున్నాం.

ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే టిమొతీ చీక్ అనే ఆయన ఇంగ్లీషు గాయకుల కోసమే చెక్‌లో పాడటం ఎలాగో పెద్ద పుస్తకం రాశాడు, 2001లో వచ్చింది. దర్శకుడు అది తెచ్చిచ్చాడు. ఎక్కడ ఏ అక్షరం గొంతు మారుతుందో అన్నీ వివరంగా ఉన్నాయి. నాకు నోటికి వచ్చినవాటికి కారణాలు అందులో దొరికాయి. ఉదాహరణకి "కి" అర్థమిచ్చే చిన్న మాటలు చెక్‌లో పేరు ముందు వస్తాయి, "దొ బ్ర్న" అంటే బ్ర్నోకి. ఆ రెండూ అతుక్కుని ఒకే మాట అవుతాయి, నొక్కు "దొ" మీదకి వెళ్లిపోతుంది. నేను అలాగే అనేదాన్ని, ఎందుకో తెలియకుండానే.

మేం చేసిన పద్ధతి ఇదీ. ముందు పాట లేదు. ఒక కాగితం మీద చెక్ మాట, దాని కింద ఎలా పలకాలో, దాని కింద ఆ ఒక్క మాటకి ఇంగ్లీషు అర్థం, అన్నిటి కిందా మొత్తం వాక్యం భావం. నేను నెమ్మదిగా చదివి ఫోనులో రికార్డు చేసి పంపేదాన్ని. ఆవిడ కారులో వింటూ స్కూలుకెళ్లేది. శని, ఆదివారాలు మా వంటింట్లో నేను కూరలు తరుగుతుంటే, ఆవిడ బల్ల దగ్గర కూర్చుని తాళం వేస్తూ, రాగం లేకుండా వట్టి మాటలు చెప్పేది. అది తడబడకుండా వచ్చాకే పాట. మాట కుదిరాక రాగం చాలా తొందరగా కుదిరేది, దానికి కారణం ఉంది. యానాచెక్ ఈ నాటకాన్ని పద్యాలుగా మార్పించకుండా, వాడుక మాటల్లోనే పెట్టి స్వరపరిచాడు. ఆయన ఎక్కడికెళ్లినా జేబులో చిన్న పుస్తకం ఉండేదిట. బజారులో, వీధిలో, స్టేషనులో మనుషులు ఎలా మాట్లాడుతున్నారో, గొంతు ఎక్కడ లేస్తోందో, ఎక్కడ దిగుతోందో స్వరాలుగా రాసుకునేవాడు. కాబట్టి మాట తీరు పట్టుకుంటే పాట సగం వచ్చినట్టే.

ఆ పుస్తకాల గురించి ఒకటి చెప్పి తీరాలి. యానాచెక్ దంపతులకి ఇద్దరు పిల్లలు. కొడుకు రెండేళ్లకే పోయాడు. కూతురు ఓల్గా టైఫాయిడ్ వచ్చి 1903 ఫిబ్రవరిలో పోయింది, ఇరవై ఏళ్ల పిల్ల. తండ్రి అప్పుడే ఈ ఒపెరా పూర్తి చేస్తున్నాడు. మంచం మీద ఉండి ఆ అమ్మాయి, నేను ఎలాగూ చూడను కదా, ఒకసారి వినిపించు నాన్నా అని అడిగితే పియానో మీద మొత్తం వాయించి వినిపించాడట. ఆమె ఆఖరి మాటలు, మూలుగులు కూడా స్వరాలుగా రాసుకున్నాడు. ఇది చదివి నేను రెండు రోజులు మామూలుగా ఉండలేకపోయాను. కూతురు పోతుంటే పెన్సిలు ఎలా పట్టుకున్నాడు? ఏం మనిషి అనిపించింది. మళ్లీ, ఆయనకి చేతనైన పని అదొక్కటే కాబోలు అనీ అనిపించింది. ఒపెరా ఆ అమ్మాయి జ్ఞాపకానికే అంకితమిచ్చాడు. 1904 జనవరిలో బ్ర్నోలోనే మొదటిసారి వేశారు. ప్రాగ్ వాళ్లు ఇంకో పన్నెండేళ్లు పట్టించుకోలేదు.

మధ్యలో బృందంలో చిన్న గొడవ. చూడ్డానికి వచ్చేవాళ్లలో చెక్ తెలిసినవాళ్లు ఎవరు, ఎవరికోసం ఈ అవస్థ, హాయిగా ఇంగ్లీషులో పాడదాం అన్నారు కొందరు. అందులో అన్యాయం ఏమీ లేదు. 1924లో న్యూయార్క్‌లో దీన్ని వేసినప్పుడు జర్మన్‌లో పాడారు. పాడిన మరియా యెరిట్సాది సొంతూరు బ్ర్నోయే అయినా! యానాచెక్‌దే ఇంకో ఒపెరా "కాత్య కబనొవా"ని 1951లో లండన్‌లో ఛార్లెస్ మాకెరస్ మొదటిసారి నడిపినప్పుడు ఇంగ్లీషే. ఆయన ప్రాగ్ వెళ్లి చదువుకుని వచ్చినవాడు. అలా పాడబట్టే ఈ దేశంలో జనానికి ఇవి దగ్గరయ్యాయి. నన్నడిగితే, కథ తెలియాలంటే ఇంగ్లీషు చాలు. కానీ ఆ స్వరాలు ఆ మాటల కొలతకే కుట్టిన జాకెట్టు. వేరేవాళ్లకి వేస్తే ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. చివరికి ఎనిమిది ఓట్ల తేడాతో చెక్ నెగ్గింది.

ఒక అక్షరం దగ్గర మాత్రం నేను చేతులెత్తేశాను. ద్వోర్జాక్ పేరులో ఉంటుంది చూడండి, ర, దాంతో పాటే జ లాంటి ఒక రాపిడి, రెండూ ఒకేసారి. ఒకదాని తర్వాత ఒకటి పలికితే కాదు. చెక్ పిల్లలకే అన్నిటికంటే ఆఖర్న వస్తుంది, రాకపోతే పలుకు నేర్పేవాళ్ల దగ్గరికి పంపిస్తారు. నాకు ఏడేళ్లలో రాలేదు. మా అమ్మాయికి ఐదో ఏట కిండర్‌గార్టెన్‌లో వచ్చేసింది. అక్కడ ఒక నాలుక తిప్పుడు వాక్యం చెప్పిస్తారు, 333 వెండి పిచికారీలు 333 వెండి ఇంటికప్పుల మీద నీళ్లు చిమ్మాయని. నిండా ఆ అక్షరమే. దానికిప్పుడు పదమూడేళ్లు. చెక్ మర్చిపోయానంటుంది, తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, గది తలుపు వేసుకుంటుంది. ఆ వయసు పిల్లలున్నవాళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. పక్కింటావిడ అవస్థ విని విని, ఒకరోజు ఫోనులోంచి తల ఎత్తకుండానే 333 వాక్యం గడగడా అప్పజెప్పేసింది. ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. ఇక ఆ అక్షరానికి టీచరు మా అమ్మాయే. "నాలుక కొస పైన ఆడుతూ ఉండాలి, పళ్లు మూసెయ్, గట్టిగా ఊదు, ఆపకు." నలభై దాటిన ఆవిడ బుద్ధిగా ఊదేది. నేను స్టవ్ వైపు తిరిగి నవ్వుకునేదాన్ని.

ఇంకో రోజు ఇంకోలా జరిగింది. యెనూఫ సవతి తల్లిని "మమిచ్కొ" అని పిలుస్తుంది. చెక్‌లో పిలిచినప్పుడు పేరు చివర మారుతుంది. మామ కాస్తా మామో అవుతుంది, యెనూఫ యెనూఫొ అవుతుంది. మనం చదువుకున్న సంబోధన ప్రథమా విభక్తే. ఇంగ్లీషులో లేదు. అమ్మకి, అమ్మాకి తేడా చెప్పాను. "అంటే ఆ పిల్ల ఈవిడని సవతి తల్లి అని ఎక్కడా పిలవదా?" అని అడిగింది. అమ్మా అని పిలుస్తుంది, బిడ్డ సంగతి తెలిశాక కూడా క్షమించి లేవదీస్తుంది అన్నాను. ఆవిడ పెన్సిలు కింద పెట్టేసింది. ఆవిడ భర్తకి మొదటి భార్య వల్ల ఒక కూతురు ఉందని నాకు తెలుసు, పెంచింది ఈవిడేననీ తెలుసు. ఆ అమ్మాయి ఈవిడని ఇప్పటికీ పేరు పెట్టి పిలుస్తుందని మాత్రం ఆ రోజే తెలిసింది. ఇక్కడ అది మామూలే, తప్పు పట్టే సంగతి కాదు. ఆవిడ కూడా ఫిర్యాదుగా చెప్పలేదు. టీ పెట్టి ఇచ్చాను. ఆ వేళ పాఠం సాగలేదు.

మా అమ్మకి ఫోనులో ఈ కథంతా చెప్పాను. సవతి తల్లి అనగానే "రాక్షసి" అంటుందనుకున్నాను. అమ్మ కాసేపు ఆగి, "ఊరికి ఎంత భయపడి ఉంటే అంత పని చేస్తుందే పిచ్చిది" అంది. తర్వాత తెలిసినవాళ్ల ఇంట్లో పాత సంగతి ఒకటి గొంతు తగ్గించి చెప్పింది. అది ఇక్కడ రాసేది కాదు.

మార్చిలో వేశారు. హాలు ముప్పావు వంతు నిండింది. మంచు రాత్రి సన్నివేశంలో పక్కింటావిడ ఒక్కతే నిలబడి పాడుతుంటే, వంకాయలు తరుగుతూ విన్న మాటలే, నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అయిపోయాక ఒక ముసలావిడ నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్లి గలగలా చెక్‌లో మాట్లాడటం మొదలుపెట్టింది. మనావిడకి ఒక్క ముక్క అర్థం కాదు కదా! అంత బాగా పాడి, "అనో, అనో" అని తల ఊపుతూ నాకోసం వెతుకుతోంది. నేను వెళ్లి మాట కలిపాను. ముసలావిడ చిన్నప్పుడే ఇంగ్లండ్ వచ్చిందట. భావం అచ్చేసి పంచిన కాగితం చూడకుండానే చాలావరకు అర్థమైందని, మధ్యలో ఆ ర లు రెండు మూడు పోయాయని చెప్పింది. నేను మొదటిదీ రెండోదీ కూడా తర్జుమా చేశాను. మా అమ్మాయి రెండోదానికి చిన్నబుచ్చుకుంది.

ఈ మధ్య ఇంకో చిన్న సంగతి గమనించాను. మా అమ్మాయి చెన్నైలో ఉన్న టీచరు దగ్గర ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఆవిడ తమిళులు, తెలుగు మాట్లాడటం రాదు, త్యాగరాజ కీర్తనలు మాత్రం వందలు నోటికి వచ్చు. తిరువయ్యారులో ఉండి ఆయన తెలుగులో రాశాడు, వాళ్లు ఇన్ని తరాలుగా పాడుతూ వచ్చారు. తమిళ లిపిలో క, గ లకి ఒకటే అక్షరం కాబట్టి, వాళ్ల కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేసి ఏ క అనాలో గుర్తు పెట్టుకుంటారు. అప్పుడప్పుడూ ఒక మాట మధ్యలో విరిచి ఊపిరి తీసుకుంటే నాకు చెవిలో గుచ్చుకుంటుంది, నిజమే. కానీ ఆ అంకెల పుస్తకం ఆవిడ కెమెరాకి చూపించిన రోజు, మా బల్ల మీది నాలుగు వరసల కాగితాలే గుర్తొచ్చాయి.

మా అమ్మాయి ఆ కీర్తనలని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటుంది. తెలుగు లిపి నేర్పుతానంటే పారిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం తెలియదు, పలు, పాలు ఒకటే. మొన్న నోట్‌బుక్ తెరిచి ఉంటే చూశాను. అక్షరాల నెత్తి మీద చిన్న చిన్న ఏటవాలు గీతలు. చెక్‌లో దీర్ఘానికి పెట్టే గీతలు అవి. తెలుగు దీర్ఘాలన్నిటికీ అవే పెట్టింది. చీరలో చ కి చెక్ వాళ్ల చిన్న కొక్కెం, చాలులో చ కి వాళ్ల వట్టి అక్షరం. ఎక్కడా పొరపాటు లేదు.

ఆన్‌లైన్ పాఠంలో ఆ పేజీ చూసి టీచరు "ఇదేం భాషమ్మా?" అని అడిగారు. "తెలుగే టీచర్" అంది మా అమ్మాయి.